ఇన్‌లే పని ఉన్న పాత ఇంగ్లీషు క్యాబినెట్: శుభ్రం చేయడం, లేచిన పొర అతికించడం, ఊడిన ముక్క పెట్టడం

ఇన్‌లే అంటే చెక్కలో వేరే రంగు చెక్క ముక్కలు పొదిగి తీర్చిన గీతలు, బొమ్మలు. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "వేలంలో ఇన్‌లే పని ఉన్న పాత క్యాబినెట్ కొన్నాం. పైన పొర బుడగలా లేచింది, అక్కడక్కడ ముక్కలు ఊడాయి. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?"

చిన్న నష్టమైతే చేసుకోవచ్చు. కాకపోతే వరస తప్పకూడదు. నేను చూసిన పాడైన క్యాబినెట్లలో చాలావాటిని పాడుచేసింది వయసు కాదు. ఎవరో మంచి మనసుతోనే తడిగుడ్డతో తుడిచారు, లేదా ఉప్పు కాగితం పట్టారు. అందుకే కింద ఇచ్చిన అంకెల వరసలోనే వెళ్లండి. ఆరో మెట్టు మీద ఉన్న పని మూడో మెట్టులో మొదలుపెట్టకండి.

## 1. మీ దగ్గర ఉన్నది ఏమిటో ముందు తేల్చుకోండి

ఇన్‌లే అని మనం అన్నింటినీ కలిపి అనేస్తాం గానీ, బాగుచేసే పద్ధతి మారుతుంది కాబట్టి మూడు రకాలు వేరుగా చూడాలి.

గీతలు, పట్టీలు: సొరుగుల అంచుల వెంట దారంలా పోయే లేత రంగు గీత. ఎక్కువగా బాక్స్‌వుడ్ చెక్క. చెక్కలో సన్నటి గాడి తీసి అందులో పొదుగుతారు.

మార్కెట్రీ: పూలు, శంఖాలు, విసనకర్రలు, తీగలు. రకరకాల చెక్కల పలచటి పొరలను కోసి, ఒకదాని పక్కన ఒకటి చేర్చి, పైన్ లేదా ఓక్ చెక్కతో చేసిన పెట్టె మీద జిగురుతో అతికిస్తారు. ఈ పొరనే వెనీర్ అంటారు.

రంగుతో వేసినది: దూరం నుంచి ఇన్‌లేలాగే కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూడండి. గీత చెక్క నారల మీదుగా, రంధ్రాలను కప్పేస్తూ పోతుంటే అది రంగు. దాని మీద ఏ తడీ పెట్టకండి. ఈ గైడ్ దానికి వర్తించదు.

తరవాత వెనీర్ మందం. సొరుగు పై అంచు దగ్గరో, చెక్క విరిగిన చోటో చూస్తే కనిపిస్తుంది. పక్కన ఒక పెన్నీ నాణెం నిలబెట్టండి. దాని మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. 17, 18 శతాబ్దాల్లో చేతిరంపంతో కోసిన పొర దాదాపు అంత మందం, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే ఉంటుంది. 1890–1910 మధ్య పాత పద్ధతిని మళ్లీ తెచ్చి చేసిన వాటిలో పొర సాధారణంగా ఒక మిల్లీమీటరుకు లోపే. వేలంలో మనవాళ్లకు అందుబాటు ధరలో దొరికేవి ఎక్కువగా ఇవే, కాబట్టి మీ చేతిలో పొరపాటుకు చోటు చాలా తక్కువ.

ఎంత తక్కువో ఒకసారి దగ్గరగా చూడండి. తలుపు మధ్యలో శంఖం బొమ్మ ఉంటే భూతద్దం కింద ఒక్క రేకు చూడండి. వేలిగోరంత ముక్క. ఒక అంచు తేనె రంగు. రెండో అంచుకు వెళ్లేకొద్దీ అది పెనం మీద కాస్త మాడిన రొట్టె రంగుకు తిరుగుతుంది. అది పూసిన రంగు కాదు. పనివాడు ఆ ముక్క అంచును వేడి ఇసుకలో కొన్ని క్షణాలు గుచ్చి కాల్చిన నీడ. ఆకుల మీద ఈనెల్లా కనిపించే గీతలైతే పైన సూదితో గీసినట్టు గీసి నలుపు నింపినవి. ఇదంతా పై పొరలోనే ఉంది. ఉప్పు కాగితం నాలుగుసార్లు అటూ ఇటూ ఆడితే నీడ వెలిసిపోతుంది, ఈనెలు పోతాయి. మళ్లీ తెచ్చే దారి లేదు.

ఆ తేనె రంగు చెక్క శాటిన్‌వుడ్ కావచ్చు. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ పెరిగే బిల్లుడు చెట్టు కలపే తూర్పు దేశాల శాటిన్‌వుడ్‌గా ఇంగ్లండ్ చేరింది. యార్క్‌షైర్‌లో ఒక తలుపు మీద దాన్ని మొదటిసారి గుర్తుపట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

## 2. గదిని సరిచేయండి, తరవాతే క్యాబినెట్

పొర ఎందుకు లేచింది? లోపలి పైన్ చెక్క పొడి గాలికి నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది. పైన అతికిన వెనీర్ దానితో కలిసి కుంచించుకోలేదు. జిగురు ఊడి బుడగలా పైకి లేస్తుంది, లేదా చీలుతుంది. ఇంగ్లండ్ ఇళ్లలో చలికాలమంతా హీటింగ్ వేసి ఉంచడమే దీనికి పెద్ద కారణం. గది అలాగే ఉంచి ఎన్నిసార్లు అతికించినా మళ్లీ లేస్తుంది.

- చవకైన తేమ మీటరు ఒకటి కొని క్యాబినెట్ పక్కన పెట్టండి. గాలిలో తేమ 45 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. అంకె కంటే ముఖ్యం అది రోజూ ఎగిరి పడకుండా ఉండటం.
- రేడియేటర్‌కు, నేరుగా ఎండ పడే కిటికీకి దూరంగా జరపండి.
- కొత్తగా తెచ్చిన క్యాబినెట్‌ను కనీసం మూడు, నాలుగు వారాలు అలా వదిలేయండి. గది గాలికి అలవాటు పడ్డాక కొన్ని చీలికలు వాటంతటవే దగ్గరపడతాయి.

## 3. చేతికింద ఉండాల్సినవి

- భూతద్దం, పక్కనుంచి వెలుతురు పడేలా టార్చి
- మెత్తటి వెంట్రుకల బ్రష్, వాక్యూమ్, గొట్టం మూతికి కట్టడానికి పలచటి నూలుగుడ్డ
- దూది చుట్టిన పుల్లలు, డిస్టిల్డ్ వాటర్, వైట్ స్పిరిట్ (పెయింట్ పలచన చేసే ద్రవం)
- గింజల రూపంలో దొరికే జంతు జిగురు (పశువుల తోలు, ఎముకల నుంచి తీసేది) లేదా సీసాలో దొరికే చేప జిగురు
- పలచటి, మొద్దు అంచు ఉన్న పాలెట్ కత్తి, సర్జికల్ బ్లేడు, సిరంజి
- బేకింగ్ పేపర్, చదునైన చెక్కదిమ్మలు, క్లాంప్‌లు, ఇసుక నింపిన గుడ్డసంచులు
- కవర్లు, పెన్సిల్

చేప జిగురు వేడి చేయక్కర్లేదు, నెమ్మదిగా ఆరుతుంది, తడితో మళ్లీ వదులుతుంది. మొదటిసారి చేసేవాళ్లు దానితోనే మొదలుపెట్టండి.

షాపులో దొరికే తెల్ల జిగురు, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ, క్షణంలో అంటుకునే సూపర్ గ్లూ మాత్రం ఈ బల్ల మీదికే రాకూడదు. పాత జిగురు వేడికి, తడికి వదులుతుంది. అందుకే రెండు వందల ఏళ్లుగా ఎవరో ఒకరు బాగుచేస్తూ రాగలిగారు. మీరు ఎపాక్సీ పోస్తే తరవాత వచ్చేవాళ్లు చెక్క విరగ్గొట్టకుండా విప్పలేరు.

## 4. ఫొటోలు, పటం

ముందు, పక్కలు, వెనక, ప్రతి సొరుగు, ప్రతి తలుపు ఫొటో తీయండి. టార్చి పక్కనుంచి వేసి ఇంకోసారి తీయండి. లేచిన చోట్లు నీడలుగా తేలుతాయి.

తరవాత వేలిగోరుతో మెల్లగా తడుతూ పోండి. గట్టిగా అతికిన చోట చప్పుడు బిగువుగా ఉంటుంది. వదిలిన చోట పొట్టుకాయ తట్టినట్టు డొల్లగా వినిపిస్తుంది. పైన బేకింగ్ పేపర్ పరిచి, డొల్ల చోట్లను ఆ కాగితం మీదే పెన్సిల్‌తో గుర్తించండి. చాక్‌పీసుతో గానీ, టేపుతో గానీ చెక్క మీద గుర్తు పెట్టకండి. టేపు లాగితే పాలిష్, ఒక్కోసారి పొర కూడా వచ్చేస్తాయి.

ఊడిన ప్రతి ముక్కా ఒక కవర్లో. కవరు మీద ఎక్కడిదో రాయండి: "ఎడమ తలుపు, శంఖం, కింది నుంచి మూడో రేకు." గోరంత ముక్కైనా పారేయకండి.

## 5. పురుగు ఉందా?

గుండుసూది తల వంటి గుండ్రటి రంధ్రాలు, అడ్డంగా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంటే అవి కలప తొలిచే పురుగు బయటికి వచ్చిన దారులు. రంధ్రాలు ఉన్నంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు. అవి ఎనభై ఏళ్ల నాటివీ కావచ్చు.

క్యాబినెట్ కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు వదలండి. లేత రంగు పొడి కొత్తగా రాలితే పురుగు బతికే ఉంది. ఇంగ్లండ్‌లో వసంతం నుంచి వేసవి దాకా ఈ పరీక్ష బాగా పనిచేస్తుంది, పురుగు బయటికి వచ్చేది అప్పుడే.

బతికి ఉంటే మందును పాలిష్ లేని చెక్కకే, అంటే వెనక పలకకు, సొరుగుల అడుగుకు, కాళ్ల లోపలి వైపుకు పూయండి. ముందువైపు ఇన్‌లే మీద స్ప్రే చేయకండి. ముందు భాగంలోనే పురుగు ఉంటే, వస్తువును పొట్లం కట్టి అతిచల్లగా ఉంచో, ఆక్సిజన్ లేకుండా చేసో చంపే నిపుణులకు ఇవ్వాలి.

## 6. పొడి దుమ్ము మాత్రమే

ఇప్పుడు దుమ్ము. ఒక చేత్తో బ్రష్, ఇంకో చేత్తో వాక్యూమ్ గొట్టం. గొట్టాన్ని చెక్కకు తాకించకుండా, బ్రష్ లేపిన దుమ్మును గాల్లోనే పీల్చాలి. గొట్టం మూతికి నూలుగుడ్డ కట్టడం మరిచిపోకండి.

నేను మరిచిపోయాను ఒకసారి. ఎనిమిది మిల్లీమీటర్ల హోలీ (తెల్లటి కలప ఇచ్చే ఇంగ్లీషు చెట్టు) చెక్క రేకు, లేతగా, ఒక అంచున ఇసుక నీడతో. కళ్లముందే గొట్టంలోకి వెళ్లిపోయింది. వాక్యూమ్ సంచి కోసి, దుమ్మంతా తెల్లకాగితం మీద పోసి, చిమటాతో రెండు గంటలు వెతికితే దొరికింది. దొరక్కపోతే ఎంత బాగా కోసినా నా ముక్క ఆ ముక్క అయ్యేది కాదు. ఆ రోజు నుంచి గుడ్డ కట్టనిదే స్విచ్ వేయను.

తడిగుడ్డ ఇప్పుడే వద్దు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. పొర లేచి ఉన్నప్పుడు తడిపితే నీళ్లు సందుల్లోంచి లోపలికి దిగి, ఇంకా పట్టుకుని ఉన్న జిగురును కూడా కరిగిస్తాయి. అతికించాకే తడి.

## 7. లేచిన పొర అతికించడం

అసలు పని ఇదే. రోజుకు ఒకటి, రెండు చోట్ల కంటే ఎక్కువ పెట్టుకోకండి.

7.1 జిగురు సిద్ధం చేయడం. చేప జిగురైతే ఈ మెట్టు దాటేయండి. గింజల జిగురైతే బరువులో ఒక వంతుకు రెండు వంతుల చల్లటి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున గింజలు ఉబ్బి జెల్లీలా ఉంటాయి. ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించండి. మరగనిస్తే పట్టు పోతుంది. బ్రష్ ఎత్తితే లేతపాకంలా తెగకుండా జారాలి. చుక్కలుగా పడితే పలచన, ముద్దలుగా పడితే చిక్కన.

7.2 అంచు లేచిన చోట. పాలెట్ కత్తిని మెల్లగా లోపలికి జరపండి. ఆగిన చోట ఆపండి, తొయ్యకండి. లోపలి దుమ్మును పలచటి బ్రష్‌తో లాగేయండి. పాత జిగురు గట్టిపడి గాజు పెంకులా ఉంటే, గోరువెచ్చటి నీళ్లలో తడిపి బాగా పిండిన దూదిపుల్లతో మెత్తబరిచి తీయండి. దుమ్ము మీద జిగురు పూస్తే అది దుమ్ముకే అంటుకుంటుంది, చెక్కకు కాదు.

తరవాత జిగురును కత్తి మీద తీసుకుని లోపలికి పంపండి. పైన వేలితో లోపలి నుంచి అంచు వైపు నెట్టండి. మిగులు బయటికి రావాలి. దాన్ని వెంటనే తడిదూదితో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి.

7.3 మధ్యలో బుడగ. ముందు వేడితో ప్రయత్నించండి, లోపల పాత జిగురు బతికి ఉండొచ్చు. బేకింగ్ పేపర్ పరిచి, అన్నిటికంటే తక్కువ వేడిలో పెట్టిన చిన్న ఇస్త్రీపెట్టెను, ఆవిరి లేకుండా, పది సెకన్లు ఆనించి తీయండి. చేతితో తాకితే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. రెండు, మూడుసార్లలో పొర మెత్తబడి కిందికి దిగితే, వెంటనే చల్లటి చెక్కదిమ్మ పెట్టి బరువు ఉంచండి. పాలిష్ జిగటగా మారుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపండి.

దిగకపోతే కోత పెట్టాలి. బొమ్మలో రెండు చెక్కలు కలిసే గీత బుడగ మీదుగా పోతుంటే అదే దారి, అక్కడ బ్లేడు పెడితే తరవాత కోత కనిపించదు. అలాంటి గీత లేకపోతే చెక్క నార వెంట, సాధ్యమైనంత పొట్టిగా. నారకు అడ్డంగా ఎప్పుడూ కోయకండి. సిరంజితో జిగురు ఎక్కించి, వేలితో నలుదిక్కులా పరిచి, మిగులు నొక్కి తీసేయండి.

7.4 నొక్కి ఉంచడం. కింద నుంచి పైకి వరస ఇది: చెక్క, బేకింగ్ పేపర్, చదునైన దిమ్మ, క్లాంప్ లేదా బరువు. కాగితం మరిచిపోతే దిమ్మ కూడా క్యాబినెట్‌కే అతుక్కుంటుంది. వంపు తిరిగిన తలుపులకు దిమ్మ పనికిరాదు, వెచ్చబెట్టిన ఇసుకసంచి పెట్టండి, వంపులోకి దానంతటది ఒదుగుతుంది.

క్లాంప్‌ను వేళ్లతో తిరిగినంత వరకే బిగించండి. పిడికిలి బలం పెడితే జిగురంతా బయటికి వచ్చేస్తుంది, కింద ఏమీ మిగలదు. ఇరవై నాలుగు గంటలు ముట్టుకోకండి.

7.5 బాక్స్‌వుడ్ గీత బయటికి పొడుచుకొస్తే. లోపలి చెక్క కుంచించుకోవడంతో గీతకు ఇప్పుడు గాడి పొడవు చాలదు. బలవంతంగా లోపలికి నొక్కితే విరుగుతుంది. గాడిలో చెత్త తీసి, గీతను వేడినీళ్ల ఆవిరి తగిలిన దూదితో కాస్త మెత్తబరిచి పెట్టి చూడండి. అప్పటికీ పట్టకపోతే చివర్లో వెంట్రుకవాసి మాత్రం కోయండి, ముందు ఎంతో కొలిచాకే.

## 8. ఊడి పోయిన ముక్క స్థానంలో కొత్తది

ముక్క మీ కవర్లో ఉంటే దాన్నే పెట్టండి, వంకర తిరిగినా సరే. తడిపేపర్‌లో కాసేపు ఉంచి, రెండు దిమ్మల మధ్య నొక్కితే చదునవుతుంది.

పోయిందంటేనే కొత్తది.

- ఖాళీ మీద పలచటి కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దండి, అంచు ముద్ర పడుతుంది.
- చెక్క అదే జాతి కావాలి. నార దిశ పక్క ముక్కతో కలవాలి. రంగు కంటే నార దిశే కంటికి ముందు తెలుస్తుంది.
- ముద్రకు గోరంచు పెద్దదిగా కోసి, అంచుల్ని కొద్దికొద్దిగా అరగదీస్తూ సరిపెట్టండి. ఖాళీని పెద్దది చేయకండి, పాత చెక్కను కోయడం మన పని కాదు.
- కొత్త వెనీర్ పలచనైతే అడుగున ఇంకో పొర అతికించి ఎత్తు చేయండి. మందమైతే అతికించే ముందే అడుగు వైపు అరగదీయండి. అతికించాక పైన చదును చేయబోతే పక్కనున్న పాత రేకు కూడా అరుగుతుంది.
- ఇసుక నీడ కావాలంటే మూకుడులో సన్నటి ఇసుక వేడి చేసి, పనికిరాని ముక్కల మీద ముందు అలవాటు చేసుకోండి. అయిదారు సెకన్లకో రంగు వస్తుంది. కాస్త ముదురుగా తీయండి.

ఇంకో మాట. క్యాబినెట్ కొత్తగా ఉన్నప్పుడు ఆకులు పచ్చగా, నేపథ్యం వెండి బూడిద రంగులో ఉండి ఉండొచ్చు. సైకమోర్ చెక్కను ఇనుప లవణాలతో బూడిద రంగుకు తెచ్చేవారు. ఇప్పుడది గోధుమ రంగుకు దిగిపోయింది. తాళం పలక కింద వెలుతురు తగలని చోట పాత రంగు ఛాయ కనిపిస్తే కొందరు మొత్తం అలా చేసేద్దామనుకుంటారు. చేయకండి. మీ కొత్త ముక్క చుట్టూ ఉన్న నేటి రంగుకే కలవాలి.

## 9. పాలిష్ పరీక్ష, తడి శుభ్రత

జిగురు ఆరాక, అన్ని చోట్లా మళ్లీ తట్టి చూశాక ఇది. తలుపు లోపలి అంచు వంటి కనిపించని చోట చిన్న పరీక్ష చేయండి.

- వైట్ స్పిరిట్ పుల్లతో రుద్దితే జిడ్డుగా మెత్తబడింది: పైన మైనం ఉంది.
- మిథిలేటెడ్ స్పిరిట్ (ఒక రకం ఆల్కహాల్) ఒక్క చుక్కకు జిగటగా మారింది: లక్క పాలిష్. ఇక ఆల్కహాల్ ఉన్న ఏ క్లీనరూ ఈ క్యాబినెట్ దరిదాపులకు రాకూడదు.
- దేనికీ కదల్లేదు: నూనె వార్నిష్ లేదా తరవాతి కాలపు పూత.

పేరుకున్న మైనపు మురికికి వైట్ స్పిరిట్ చాలు. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయండి. చేతుల చెమట, వంటింటి మురికికి డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన దూదిపుల్ల. దాన్ని రుద్దకూడదు, దొర్లించాలి. రూపాయి బిళ్లంత చోటు, వెంటనే పొడిదూది, తరవాత పక్క చోటు. పుల్లకు పాలిష్ రంగు అంటిందా, ఆపేయండి.

ఇత్తడి పిడులకు మెటల్ పాలిష్ పెట్టకండి. చుట్టూ చెక్క సందుల్లో తెల్లటి పొడి మిగిలి ఎప్పటికీ పోదు.

## 10. మైనం

మంచి తేనెమైనం పేస్టు గానీ, మ్యూజియంలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం గానీ చాలు. బఠానీ గింజంత తీసుకుని, మెత్తటి గుడ్డతో నార వెంట పలచగా పూసి, పావుగంట ఆగి మెరిపించండి. ఏడాదికి ఒకసారి చాలు. అవిసె నూనె వద్దు, కొన్నేళ్లకు నల్లగా, జిగటగా మారి ఇసుక నీడలన్నీ మింగేస్తుంది. సిలికాన్ స్ప్రేలు కూడా వద్దు, తరవాత ఏ పాలిషూ పట్టదు.

## 11. తప్పు జరిగిపోతే

తెల్లటి మచ్చ పడింది. తడి లేదా వేడి వల్ల లక్క పాలిష్ పాలిపోయింది. వారం రోజులు వదిలేయండి, కొంత దానంతటదే పోతుంది. మిగిలినదానికి మైనం పూసి చూడండి.

అతికించిన చోట పొర మళ్లీ లేచింది. లోపల దుమ్ము మిగిలింది, లేదా క్లాంప్ ముందే తీశారు. 7.2 నుంచి మళ్లీ చేయండి.

జిగురు పైన ఎండిపోయింది. గీకకండి. గోరువెచ్చటి తడిదూది దాని మీద ఒక నిమిషం ఉంచి, మెత్తబడ్డాక దొర్లించి తీయండి.

సొరుగు బిగుసుకుంది. ముందు పట్టాల మీద కొవ్వొత్తి రుద్దండి. చిత్రిక పట్టే ఆలోచన తేమ తగ్గే కాలం వచ్చేదాకా వాయిదా వేయండి. తేమకు ఉబ్బినదైతే దానంతటదే వదులవుతుంది.

## 12. ఇవి కనిపిస్తే చేయి వేయకండి

- ఏనుగు దంతం, తాబేలు డిప్ప, ఇత్తడి రేకు పొదిగి ఉంటే
- అరచేతి కంటే పెద్ద చోటు ఒకేసారి లేస్తే
- పెట్టె అతుకులే వదిలి క్యాబినెట్ ఊగుతుంటే
- రంగుతో వేసిన బొమ్మలైతే

దంతం గురించి తెలుగువాళ్లకు కొంచెం ఎక్కువ చెప్పాలి. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు ఇంగ్లీషు క్యాబినెట్ల నమూనా మీదే రోజ్‌వుడ్, నల్లచేవ కలపల్లో దంతం పొదిగి, దాని మీద పూలతీగలు గీసి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. అవి ఇంగ్లండ్ చేరాయి, వేలాల్లో ఇప్పటికీ వస్తుంటాయి. పూలతీగ అంచుతో, నల్లగీతల దంతంతో పెట్టె కనిపిస్తే తడి పుల్ల కూడా పెట్టకండి. నీళ్లకు దంతం వంగుతుంది, స్పిరిట్‌కు ఆ లక్క కరిగిపోతుంది. పైగా బ్రిటన్‌లో దంతపు వస్తువుల అమ్మకం, కొనుగోలు మీద 2018 ఐవరీ యాక్ట్ 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. ఇండియాలో దంతం వ్యాపారమే నిషేధం. కొనకముందే, ఇంటికి పంపే ఆలోచన చేయకముందే కాగితాలు చూసుకోండి.

దంతం లేకున్నా, క్యాబినెట్‌ను హైదరాబాద్ తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఇండియాలో వందేళ్లు దాటిన కళాత్మక వస్తువు 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు లెక్కలోకి వస్తుంది. ఒకసారి అక్కడికి చేరాక మళ్లీ బయటికి తేవడం మీ చేతిలో ఉండదు. ఎండాకాలం పొడిగాలికి మొదటి ఏడాదే పొరలు కదులుతాయి, కాబట్టి దిగిన వెంటనే ఏసీ గాలి నేరుగా తగలని లోపలి గోడ పక్కన పెట్టి, తేమ మీటరు తెరిచి, నాలుగో మెట్టులో గీసుకున్న పటం పక్కన పెట్టుకుని నెలకోసారి గోరుతో తట్టి చూడండి. కొత్తగా డొల్ల చప్పుడు వచ్చిన చోట ఆ కాగితం మీదే తేదీ వేసి గుర్తుపెట్టండి.